మా అత్త చేతి నీళ్ళు

సాలూరులో లారీ షెడ్ల వెనక వీధిలో ఉండే మా అత్త జైతూన్‌బీ అంటే తెలియని ముస్లిం ఇల్లు లేదు. తెలుసు కాబట్టే పెళ్ళిళ్ళకి పిలవరు. ఊళ్ళో మా వాళ్ళలో ఆడమనిషి పోతే స్నానం చేయించి, కఫన్ గుడ్డలు చుట్టి సాగనంపేది ఆవిడే. రేగాకు వేసి నీళ్ళు కాచాలి, దుప్పటి చాటున కుడివైపు నుంచి కడగాలి, ఆఖరి నీళ్ళలో కర్పూరం కలపాలి. అదంతా ఎంతో పుణ్యమని అందరూ అంటారు. ఆ పుణ్యాత్మురాలు టీ ఇస్తే మాత్రం ఒక్కరూ తాగరు. పెళ్ళికూతురికి నలుగు పెట్టే రోజున ఆవిడ గుమ్మంలో కనబడితే ముఖాలు మాడ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండేది. అత్త నవ్వేసేది.

"పిలిస్తే మాత్రం ఎవులెల్తారే, నాకు పనుల్లేవా ఏటి?"

అంత నిబ్బరం గల మనిషి ఒక్క మధ్యాహ్నంలో కుప్పకూలిపోయింది.

లారీ బ్రోకర్ భార్య రహమత్‌బీ కోడలు నజీరా కాన్పులో పోయింది. అత్త వెళ్ళి స్నానం చేయించింది. కఫన్ చుట్టి ముడి వేశాక తెల్లగుడ్డ మీద ఎర్రటి మరక తేలింది. కఫన్ కట్టాక మరక కనబడినా విప్పి మళ్ళీ కడగక్కర్లేదు. ఈ పనిలో అత్తకి తన తల్లి నేర్పిన మొదటి సంగతి అదే. కానీ రహమత్‌బీ గుండెలు బాదుకుంటూ అరిచింది.

"నా కోడల్ని ఇలాగే పంపించేస్తావేటే? నీ సేతిలో బరకతు లేదే, నీ సెయ్యి మంచిది కాదే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలా ఓ మాట కలిపారు. అత్త ముడి విప్పింది, మళ్ళీ కడిగింది. బయట శవం ముందు చేసే జనాజా నమాజు కోసం ఎండలో నిలబడ్డ మగవాళ్ళు విసుక్కున్నారు. సంగతి తెలిసి మౌల్వీగారు తలుపు అవతల నుంచి, "అక్కర్లేదు కదమ్మా, ఇన్నేళ్ళుగా చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?" అన్నారు. విప్పకపోతే ఒక తప్పు, విప్పితే ఇంకో తప్పు. ఊరికి రెండూ దొరికాయి.

ఆ తర్వాత అత్తకి తన చేతుల మీదే అనుమానం పట్టుకుంది. నమాజుకి ముందు ముఖమూ చేతులూ కాళ్ళూ కడుక్కుని, వజూ చేసుకుని లేచేది. మోచేయి తడిసిందో లేదోనని మళ్ళీ కుళాయి దగ్గర కూర్చునేది. నమాజులో నిలబడ్డాక మనసు నిలిచిందో లేదోనని మొదటికొచ్చేది. పక్కింటి తాయారు గోడ మీంచి చూసి వేళాకోళం చేసేది.

"ఏటే జైతూనూ, ఆ కాళ్ళు అరిగిపోతాయే! మీ దేవుడికి నీ మడమలు తప్ప ఇంకేటీ కనబడవా?"

అత్త నవ్వడం మానేసింది. చావు కబురు వస్తే ఒంట్లో బాగోలేదని నాచేత చెప్పించేది. చావింటి వాళ్ళు ఆ పనికి విజయనగరం నుంచి ఒకావిడని కారులో తెప్పించుకునేవారు.

రంజాన్‌లో ఒక సాయంత్రం నమాజు అయ్యాక అత్త జానమాజ్ చాప మీంచి ఎంతకీ లేవలేదు. నేను ఇఫ్తారుకి శనగలు ఉడికిస్తున్నాను. చివరికి నన్ను పిలిచింది.

"రత్తం నా తప్పు కాదే. నీళ్ళు పోయడంలోనూ తప్పు లేదు. మరెక్కడుందా అని ఎతుకుతన్నాను. ఆ పిల్లని మళ్ళీ ఇప్పాను సూడు, అదే నా తప్పు. అల్లా సాలన్నాడు, జనం సాలదన్నారు. నేను జనం మాటిన్నాను." కళ్ళు తుడుచుకుంది. "రోజూ ఇన్నేసిసార్లు కడుక్కోడం కూడా అల్లా కోసం కాదే. ఆ అరుపులు సెవుల్లోంచి పోతాయని."

ఆ పూట అల్లా ముందు తప్పు ఒప్పుకుని తౌబా చేసుకుంది. చేతనైనంత చేసినవాణ్ణి అల్లా వదిలెయ్యడని తనకి తనే చెప్పుకుంది. అంతటితో ధైర్యం వచ్చేసిందని రాస్తే అబద్ధమే. మర్నాడూ కుళాయి దగ్గరికి రెండోసారి వెళ్ళింది. కాకపోతే కుళాయి తిప్పకుండా తిరిగొచ్చింది.

వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద ఆటో బోల్తాపడి రహమత్‌బీ చెల్లెలు పోయింది. పోస్టుమార్టం చేసి శవాన్ని అప్పగించారు. విజయనగరం ఆవిడ దుప్పటి ఎత్తి చూసి, తన వల్ల కాదని కారెక్కేసింది. అప్పుడు గుర్తొచ్చింది మా అత్త. రహమత్‌బీ మా గుమ్మం బయటే నిలబడి, "రాయే జైతూనూ" అంది. తప్పయిపోయిందన్న మాట ఒక్కటీ లేదు. వెళ్ళొద్దని నేను అత్త చెయ్యి పట్టుకున్నాను.

"సచ్చినోళ్ళతో నాకేటి తగువే" అని విడిపించుకుంది.

నీళ్ళందించడానికి నేనూ వెళ్ళాను. అత్త కుట్ల మీద దూది అద్ది, నెమ్మదిగా కడిగి, కఫన్ చుట్టింది. కాసేపటికి గుడ్డ మీద మరక తేలింది.

"ఇప్పు. మళ్ళీ కడుగు" అంది రహమత్‌బీ.

అత్త చెయ్యి ముడి దాకా వెళ్ళింది. పెదాలు కదిలాయి, ఏదో దువా. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కర్లేదు. మగోళ్ళని పిలవండి."

"రేపు అల్లా అడిగితే ఏటి సెప్తావే?"

"అల్లాకి నేను సెప్పుకుంటాను. నీకు మాత్రం సెప్పను."

మగవాళ్ళు వచ్చి జనాజా ఎత్తుకున్నారు. అది వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, అప్పుడు గోడకి ఆనుకుని అత్త వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటినిండా ఆడవాళ్ళే. ఒక్కరూ దగ్గరికి రాలేదు. నేనే వెళ్ళి పట్టుకున్నాను.