సోమవారం నాటి హాజరుపట్టీ

దయ్యాలు లేవని నాకు నేర్పింది మా దొరసానిగారే. కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. చిన్నప్పుడు కిక్కిసగడ్డి కదిలితే చాలు, మా అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. దొరసానిగారి దగ్గర చేరాక ఆ భయం పోయింది. తరవాత పంతులమ్మనై, జీవితమంతా పిల్లలకి దయ్యం లేదు భూతం లేదు అనే చెప్పాను. ఇప్పటికీ అదే చెప్తాను. అలాంటిదాన్ని ఇప్పుడు కూర్చుని ఈ సంగతి రాయవలసి రావడం నాకేమీ సరదాగా లేదు.

ఇది పందొమ్మిది వందల ముప్పైలలో మాట. ఏలూరికి ఒక పూట పడవ ప్రయాణంలో, కొల్లేటి ఒడ్డున మెరక మీద మిషను వాళ్ళకి ఒక పొలం ఉండేది. అందులో ఒక పెంకుటింటి బంగళా, పశువులపాక, కోళ్ళగూళ్ళు, కూరగాయల మడులు. బంగళా వరండాలోనే బడి. దొరగారూ దొరసానిగారూ కలిసి అదంతా నడిపేవారు. మా నాన్న అక్కడ పశువులు చూసేవాడు. నేను అక్కడే చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పే పనిలో కుదిరాను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. నా పేరు సుగుణమ్మ.

వాళ్ళ దేశంలో వాళ్ళది పశువుల మందలు మేపే కుటుంబమట. దొరగారు తెల్లవారకముందే మోకాళ్ళదాకా బూట్లు తొడుక్కుని పాకలోకి వచ్చేవారు. పాలు పిండుతూ ఇంగ్లీషులో కీర్తనలు పాడేవారు. మా గేదెలకి ఆ పాట అర్థమైందో లేదో గాని, ఆయన పాడకపోతే మాత్రం పాలు చేపేవి కావు. దొరసానిగారు గడ్డిటోపీ పెట్టుకుని మడుల్లో కలుపు తీయించేవారు. మధ్యాహ్నం ఆడపిల్లలకి లేసు అల్లడం నేర్పేవారు. రొట్టెముక్కకి ఆవకాయ రాసుకుని తిని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే "ఇది బహు మంచిది" అనేవారు. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

మా బడిలో హాజరు వేసే పద్ధతి ఇంకెక్కడా నేను చూడలేదు. ప్రతి పిల్లకీ పిల్లవాడికీ పొలంలో ఒక జీవాన్నో, ఒక మడినో అప్పగించేవారు. పొద్దున రాగానే ముందు దాని సంగతి చూసుకుని, తరవాత వరండాలో వరసగా కూర్చోవాలి. దొరసానిగారు లోపల కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, హాజరుపట్టీ తెరిచి ఒక్కొక్క పేరూ పిలిచేవారు. వచ్చానండీ అంటే కుదరదు. "మా పెట్ట గుడ్డు పెట్టిందండీ", "బెండమొక్కలకి నీళ్ళు పోసేనండీ", ఇలా తనకి అప్పగించిన దాని క్షేమం చెప్పాలి. చెప్తేనే ఆవిడ ఆకుపచ్చ సిరాతో ఒక వాలుగీత గీసేవారు. రాని పిల్లకి ఇంటూ మార్కు.

పట్టీలో చిట్టచివరి పేరు నాది. నీవును దేవుని యెదుట హాజరు పలుకవలెను అని నా పేరు కూడా అందులో ఎక్కించారు. నాకు అప్పగించింది చంద్రి అనే ఆవు. "చంద్రి పాలిచ్చిందండీ" అని నేను అనగానే ఆవిడ పట్టీ మూసేవారు, ప్రార్థన మొదలయ్యేది. రెండేళ్ళు ఏ రోజూ అది తప్పలేదు.

నన్ను టీచరు ట్రైనింగుకి పంపిస్తానని ఆవిడ మాట ఇచ్చారు. "సుగుణమ్మా, నిశ్చయముగా నిన్ను పంపుదును. పిమ్మట ఈ బడి నీదే" అన్నారు. ఆవిడ ఆ భాషలో చెప్తే సాక్షాత్తూ దేవుడే మాటిచ్చినట్టు ఉండేది. ఆ మాట పట్టుకునే కలిదిండి నుంచి వచ్చిన మంచి సంబంధాన్ని వద్దన్నాను. మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు పెళ్ళికన్నా ఆ బడి ఎక్కువ అనిపించింది, ఆ మాట దాచుకోను.

ఒక శుక్రవారం పొద్దున దొరసానిగారు నన్ను పిలిచి, లక్కముద్ర వేసిన ఉత్తరం చేతికిచ్చారు. ఏలూరు పాస్టరుగారికి ఇవ్వాలి. "నీ చేతికే ఇచ్చుచున్నాను. వేరొకరిని నమ్మజాలను" అన్నారు. నా ట్రైనింగు సంగతే అయి ఉంటుందనుకున్నాను. తడి తగలకుండా చేతిరుమాలులో చుట్టి, పడవలో దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెడ్డువేసే ఆయన నన్ను చూసి, "ఏవమ్మా, చంటిపిల్లనెత్తుకున్నట్టు కూర్చున్నావు?" అని నవ్వాడు.

పాస్టరుగారు ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి కింద పెట్టారు.

"ఇందులో ఏవుందో నీకు చెప్పేరా తల్లీ?"

"నన్ను ట్రైనింగుకి పంపే సంగతి కదండీ?"

ఆయన లేచి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చారు. "ముందు కాసిని మంచినీళ్ళు తాగమ్మా" అన్నారు. తరవాత మెల్లిగా చెప్పారు. దొరగారూ దొరసానిగారూ తమ దేశం వెళ్ళిపోతున్నారు. బడి మూసెయ్యాలి, పశువుల్ని అమ్మెయ్యాలి. బడి అప్పగించదగిన మనిషి ఇక్కడివాళ్ళలో ఎవరూ లేరు. ఆ ఆఖరి వాక్యం ఆయన చెప్పకుండా దాటెయ్యాలని చూశారు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

నాకు అప్పట్లో ఇంగ్లీషు రాదు. వచ్చినా ఆవిడ ఉత్తరం విప్పి ఉండేదాన్ని కాదు. నా మెడ మీదికి కత్తిని నేనే రుమాలులో చుట్టి మోసుకెళ్ళాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

శనివారం మధ్యాహ్నానికి పడవలో తిరిగి వచ్చాను. బంగళా తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. పొద్దున్నే ఇంకో పడవలో ఆకివీడు స్టేషనుకి వెళ్ళిపోయారట. పెట్టెలు పడవలోకి ఎక్కించింది మా నాన్నే.

"వారం రోజుల్నించీ నాకు తెలుసే" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా. "నువ్వేడుస్తావని చెప్పొద్దన్నారు. దొరగారి మాట కాదని ఎలా చెప్పనమ్మా?"

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. కూడా ఉండి ఆ తెప్పకి నిప్పందించిన నాన్న మీద వచ్చిన కోపం ఇంకో ఎత్తు. ఆ రాత్రి ఆయన పెట్టిన అన్నం నేను తినలేదు.

ఇక నేను చెప్పదలుచుకున్నది సోమవారం ఉదయం జరిగింది. చీకటి కాదు, మబ్బు కాదు. ఎండ వరండా మెట్ల మీదికి వచ్చేసింది. పిల్లలకి ఇంకా ఏమీ తెలియదు. ఎప్పటిలాగే కోళ్ళనీ మడుల్నీ చూసుకుని వచ్చి వరండాలో వరసగా కూర్చున్నారు. ఇరవై ఇద్దరిలో రూతు అనే పిల్ల ఒక్కతే రాలేదు. ఆ పిల్లకి ముందురోజు, ఆదివారం సాయంత్రం, ఒంటి మీద ఆటలమ్మ పొక్కులు లేచాయి.

ఇక బడి లేదని చెప్పడానికి నేను వరండా చివర నిలబడ్డాను. గొంతు సవరించుకుంటున్నాను. ఇంతలో మొదట కూర్చున్న దానియేలు లేచి, మూసి ఉన్న కిటికీ వైపు తిరిగి, "మా పెట్టలు నాలుగు గుడ్లు పెట్టేయండీ" అని కూర్చున్నాడు.

అలవాటు కొద్దీ అన్నాడనుకున్నాను. పేరు పిలవడానికి పట్టేటంత సేపు ఆగి, రెండో పిల్ల లేచింది. "దూడ గడ్డి మేసిందండీ." మళ్ళీ అంత సేపూ నిశ్శబ్దం. మూడోవాడు లేచాడు. నన్ను ఆటపట్టిస్తున్నారని ఒళ్ళు మండింది. అరవబోయి, వాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాను. ఒక్కరి మొహంలోనూ అల్లరి లేదు. రోజూ ఎలా ఉంటారో అలాగే, కొంచెం ఆవలిస్తూ, కొంచెం భయంగా ఉన్నారు.

నాకు మాత్రం కొల్లేటి మీద గాలి, గూడబాతుల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. రూతు వంతు వచ్చినప్పుడు మామూలుకన్నా ఎక్కువసేపు నిశ్శబ్దం. తరవాత పక్కపిల్ల లేచి, "దానికి ఆటలమ్మ పోసిందండీ, రాలేదండీ" అని చెప్పి కూర్చుంది.

అలా వరస చివరిదాకా వచ్చింది. ఆఖరి పిల్ల మార్తమ్మ. "పొట్లపాదుకి పందిరేసేనండీ" అంది. ఇక మిగిలింది నేనే. పిల్లలందరూ నా వైపు తిరిగారు.

అప్పుడు నాకు ఏమైందో చెప్తే మీరు నవ్వుతారు. అంత కోపంలోనూ నేను నిటారుగా నిలబడి కిటికీ వైపు చెవి పెట్టాను. ఆ పొద్దున కూడా చంద్రి పాలు నేనే పిండాను. జవాబు నోట్లో సిద్ధంగా ఉంది.

కాసేపటికి మార్తమ్మ అమాయకంగా అడిగింది. "ఏవండీ పంతులమ్మగారూ, దొరసానిగారు మీ పేరు పిలవకుండానే పట్టీ మూసేసేరేంటండీ?"

నాన్న దగ్గరికి పరిగెత్తాను. బంగళా తాళంచెవీ బీరువా తాళంచెవీ రెండూ ఆయన మొలతాడుకి కట్టుకుని ఉన్నాడు. ఇద్దరం వెళ్ళి తలుపు తీశాం. గదిలో ఎవరూ లేరు. బల్ల మీద రెండు రోజుల దుమ్ము చెదరకుండా ఉంది. తాళం వేసిన బీరువాలో హాజరుపట్టీ ఉంది. తెరిచి చూశాను. సోమవారం గడిలో ఇరవై ఒక్క వాలుగీతలు, ఆకుపచ్చ సిరా. రూతు పేరు ఎదురుగా ఇంటూ మార్కు. నా పేరు ఎదురుగా ఏమీ లేదు.

వెళ్ళేముందే ఆవిడ గీసి పెట్టి ఉండవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. మరి రూతుకి ఆదివారం పొక్కులు లేస్తాయని శనివారం వెళ్ళినావిడకి ఎలా తెలుస్తుంది? ఆ ఆకుపచ్చ సిరాబుడ్డి ఆవిడ తనతోనే తీసుకెళ్ళారు. తాళంచెవి ఉన్న మా నాన్నకి వేలిముద్రే గాని సంతకం రాదు. పిల్లల్ని విడివిడిగా పిలిచి అడిగాను. అందరిదీ ఒకటే మాట. కిటికీ మూసే ఉంది, అయినా పేర్లు వినపడ్డాయి, రోజూ పిలిచినట్టే పిలిచారు.

పట్టీ పట్టుకెళ్ళి పాస్టరుగారికి చూపించాను. చాలాసేపు చూసి, "పిల్లల ముందు ఈ మాట ఎత్తకమ్మా" అని మాత్రం అన్నారు. నన్ను ట్రైనింగుకి పంపింది చివరికి ఆయనే. చంద్రిని ఎవరో తోలుకుపోయారు. బడి మళ్ళీ తెరవలేదు.

దొరసానిగారు చనిపోయి ఆత్మగా వచ్చారేమో అని మీరు అనుకుంటూ ఉంటారు. అదీ కాదు. చాలా ఏళ్ళకి, నేను తాడేపల్లిగూడెంలో పనిచేస్తున్నప్పుడు, బాగా ముసలివారైపోయిన పాస్టరుగారు ఒక ఉత్తరం తెచ్చారు. ఆవిడ బతికే ఉన్నారు. మా ఊరి సంఘానికంతటికీ కలిపి రాశారు. ఆ వేళకి మా వాళ్ళలో ఇంగ్లీషు బాగా వచ్చినదాన్ని నేనే. ఆదివారం మా ఊరు వెళ్ళి, ఆరాధన తరవాత అందరి ముందూ నిలబడి, చదివి తెలుగులో చెప్పాను.

రోజూ ఉదయం కిటికీ దగ్గర కూర్చుని మా బడి పిల్లల పేర్లు పిలుచుకుంటానని రాశారు. దానియేలు మొదలు మార్తమ్మ వరకు, వరస తప్పకుండా, ఎవరి కోళ్ళు, ఎవరి పాదులు, అన్నీ రాశారు. రూతు మొహాన ఆటలమ్మ మచ్చలు మిగిలాయా అని అడిగారు.

ఆ మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. ఆటలమ్మ సంగతి ఆవిడకి ఎవరు రాశారు? మాలో ఎవరికీ ఆవిడ చిరునామా తెలియదు. పాస్టరుగారిని అడిగితే తను ఎన్నడూ రాయలేదన్నారు.

మార్తమ్మ పొట్లపందిరితో ఉత్తరం అయిపోయింది. కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. అయిపోయిందా అండీ అని ఎవరో అడిగారు. అయిపోయిందండీ అన్నాను.

పట్టీలో ఆ గీతలు ఎవరు గీశారో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత దూరాన్నించో ఆవిడ పిలుపు పిల్లలకి చేరిందంటే చేరిందనే ఒప్పుకుంటాను, వేరే దారి లేదు. నా పేరు ఎదురుగా ఇంటూ మార్కు ఉన్నా ఓర్చుకునేదాన్ని. రాలేదనైనా ఆవిడ అనుకున్నట్టు ఉండేది. ఆ ఖాళీ గడినే నేను క్షమించలేకపోయాను.

ఇన్నేళ్ళయినా ఒక్కోరోజు ఉదయం ఎండ గుమ్మంలోకి రాగానే ఆగి వింటాను. సిగ్గులేనితనమే. ఆవిడ పిలిస్తే మాత్రం చెప్తాను. "చంద్రి పాలిచ్చిందండీ" అని చెప్తాను.