నేను కూల్చిన విమానం

ఆ రోజుల్లో క్యాంపస్ అంతా తెలంగాణ కోసం కదులుతుంటే, నేనొక్కణ్ణీ గడియారమంత డయలు పట్టుకుని ప్రపంచ విమానయానాన్ని ఉద్ధరించే పనిలో ఉండేవాణ్ణి. (ఆ వయసు అలాంటిది.) విమానం రెక్క గాలికి ఎంత కోణంలో ఎదురెళ్తోందో చూపించే డయలు అది. ఆ కోణం మితిమీరితే రెక్కకు గాలిమీద పట్టు పోతుంది. ప్రయాణికుల విమానాల్లో చాలావాటిలో పైలట్ ముందు దీనికి విడిగా డయలుండదు. పెడితే ఇక ప్రమాదాలే ఉండవని నా ప్రాజెక్టు. తార్నాకలో నా గది మిత్రుడు కరీంనగర్ వాడు, అందరూ లీడర్ అనేవారు. “ముక్కు మీదికున్నంక విమానం మీదికి పోదారా?” అని అడిగాడోసారి. “పోదురా, ముక్కు పైకే ఉంటుంది, విమానం కిందికి పోతుంది” అన్నాను. “అరె, అచ్చం మా మేనమామ లెక్కనే!” అని పడీ పడీ నవ్వాడు.

ప్రాజెక్టు చూడటానికి రిటైరైన కెప్టెన్ గారొకరు వచ్చిన రోజే క్యాంపస్‌లో పెద్ద ర్యాలీ. లీడర్ ముందు వరుసలో ఉన్నాడు. ల్యాబ్‌లో కంప్యూటర్ తెరమీద కాక్‌పిట్, మధ్యలో నా డయలు. “నువ్వే దింపి చూపించు బాబూ” అన్నారాయన. దర్జాగా జాయ్‌స్టిక్ పట్టుకున్నాను. రన్‌వే కనబడుతుండగా బయట ఢామ్మని టియర్‌గ్యాస్ పేలింది. కిటికీలోంచి పొగ, కేకలు. పరుగెత్తే జనంలో లీడర్ పచ్చ చొక్కా కోసం వెతికి తల తిప్పేసరికి విమానం దిగజారుతోంది. ముక్కు పైకి లేపుదామని కంగారుగా స్టిక్ వెనక్కి లాగాను. ఇంకా దిగింది. ఇంకా లాగాను. తెరనిండా నేల.

“నీ డయల్లో ముల్లు ఎర్రగీత దాటి చాలాసేపైంది. చూశావా?” కళ్లు తుడుచుకుంటూ అడిగారు కెప్టెన్ గారు.

“లేదండీ.” (డయలు చేసినవాణ్ణి నేనే.)

అంతలో తడి తువ్వాలుతో, జేబునిండా ఉల్లిగడ్డలతో లీడర్ ఊడిపడ్డాడు. “వాసన సూడున్రి సార్, మంట తగ్గుతది” అని ఆయన చేతిలో ఒకటి పెట్టి, నా మొహం చూసి, “ఏమైందిరా?” అన్నాడు.

“విమానం కూలిపోయిందిరా.”

“అయ్యో! ఎవరన్న బతికిన్రా?”

కెప్టెన్ గారు ఉల్లిపాయ పట్టుకునే నవ్వారు. “ఇదే రాసుకో బాబూ. మనసు ఒకచోట చిక్కుకున్నవాడికి కళ్లముందున్నదీ కనబడదు. డయలు పెట్టడం సగం పనే, చూడటం నేర్పడం మిగతా సగం.”

ఇప్పుడు పైలట్లకు ఆ మిగతా సగం నేర్పడమే నా ఉద్యోగం. మొదటి క్లాసులో నా విమానం కూలిన కథ చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కిటికీ సంగతి మాత్రం చెప్పను. ఆనాటి నాలోని కుర్రాడు ముల్లును చూడలేదు, నిజమే. చూడవలసినవాడి కోసమే చూశాడులే అని, ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే కాస్త ముద్దొస్తుంటుంది.