తల్లి ఉన్న పిల్లకు మేకపాలు

ఆయన పోయిన తర్వాత ఇంట్లో కూర్చోలేక, గుట్ట కింద జింకల అడవిలో పనికి పోవడం మొదలుపెట్టాను. జీతం లేని పనే. ఎండాకాలం తొట్లలో నీళ్ళు నింపాలి, ముళ్ళకంపలో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు ఏరాలి. కోవిల్‌పట్టి నుంచీ, విరుదునగర్ నుంచీ బడిపిల్లలు బస్సుల్లో వస్తే అడవి చూపించాలి. అక్షరం రాని నేను వాళ్ళకేం చెప్పేదని నవ్వాను. "మేకలు కాసినావు కదమ్మా, అది చెప్పు చాలు" అన్నాడు అక్కడి గార్డు. చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు. నా మాట అంతమంది వినడం అంతకుముందు ఎరగను. ఆ రుచి మరిగాను. ఇప్పుడీ మాటలు కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది.

ఒకరోజు పెద్ద రోడ్డు మీద లారీ ఒక జింకను గుద్దేసింది. పక్కన దాని పిల్ల నిలబడి ఉంది. గార్డు దాన్ని తెచ్చి, చుట్టూ గోనెపట్టాలు కట్టి, సీసాతో పాలు పట్టమన్నాడు. దానితో మాట్లాడకూడదట, తాకకూడదట, మన మొహం దానికి కనబడకూడదట. సీసా అది నోట పెట్టలేదు. గార్డు ఏదో పని మీద విరుదునగర్ పోయిన రోజు, నేను నా మేకను తోలుకొచ్చాను.

మా ఇళ్ళలో తల్లి చచ్చిన మేకపిల్లను ఇంకో మేకకు అలవాటు చేస్తాం. ఆ మేక పాలే పిండి పిల్ల వీపు మీదా తోక కిందా పూస్తాం. వాసన చూసి తన బిడ్డే అనుకుని మేక ఊరుకుంటుంది. జింకపిల్లకూ అలాగే పూశాను. అది మోకాళ్ళ మీద వంగి గటగటా తాగింది.

గార్డు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఇది అడవికి పోవాల్సిందమ్మా. మేకల వెంట పోతే ఊరి కుక్కలు ఊరుకుంటాయా?"

"ముందు బతకనీ సార్, తర్వాత ఎక్కడికన్నా పోనీ" అన్నాను.

బతికింది. గార్డు ఇక అడ్డు చెప్పలేదు. ఇప్పటికీ అది అడవిలోకి పోకుండా కంచె లోపలే తిరుగుతోంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బస్సుకూ అదే చూపించాను. మేక అరిస్తే జింకపిల్ల పరిగెత్తుకు వచ్చేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. పాలు ఎలా పూయాలో చేతులు తిప్పి మరీ నేర్పాను. తల్లి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో మాత్రం చెప్పలేదు. గార్డు నాకది చెప్పే ఉన్నాడు. తల్లి జింక పిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు పోతుంది, పొద్దు వాలాక వచ్చి పాలిస్తుంది. ఆ మాట చెబితే చప్పట్లు రావు. అందుకని వదిలేశాను.

మక్కజొన్న కోతలప్పుడు ఒక బడి టీచరు గార్డుకు ఫోను చేసింది. తన తరగతి పిల్ల ఇంట్లో జింకపిల్ల ఉందట. గార్డు నన్ను బండి మీద ఎక్కించుకుని పోయాడు. వాళ్ళదీ మాలాగే తమిళనాట తెలుగిల్లే. మమ్మల్ని చూడగానే ఆ పిల్ల ఎదురు పరిగెత్తింది.

"అవ్వా, నువ్వు చెప్పినట్టే చేస్తిమి! వీపుకి పాలు పూస్తిమి, తోక్కింద గూడ పూస్తిమి. మేక తన్నలేదు అవ్వా!"

వాళ్ళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మొన్నట్నుంచి ఇది సరిగ్గా నిద్రపోలేదత్తా. జింకకి కావలి. బడికి పొమ్మంటే ఏడుపు."

"దీని తల్లి చచ్చిపోయిందా?" అని గార్డు అడిగాడు.

"తల్లి లేదు సార్. చేలో ఒంటిగా పడుకోనుండాది" అంది పిల్ల.

గార్డు నావైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జింకపిల్లను తీసుకెళ్ళి దొరికిన చోటే, చేను గట్టు దగ్గర పడుకోబెట్టాం. దూరంగా సొప్ప కుప్ప చాటున కూర్చున్నాం. పొద్దు వాలింది. తుమ్మకంపలోంచి తల్లి బయటికి వచ్చింది. మొన్నట్నుంచీ వెతుకుతూనే ఉందన్నమాట. మెల్లగా దగ్గరికొచ్చి పిల్ల వీపు వాసన చూసింది. వెనక్కి జరిగింది. పిల్ల లేచి పొదుగు కిందికి పోబోతే కాలితో తోసేసింది. మళ్ళీ వచ్చి మళ్ళీ వాసన చూసింది. ముందరి కాలు నేలకేసి కొట్టి, కంపలోకి దూరిపోయింది.

"అవ్వా, ఎందుకు పొయ్యింది? దాని బిడ్డే కదా?"

పోయి జింకపిల్ల వీపు వాసన చూశాను, మేక వాసనే.

"మళ్ళీ వస్తాదిలే" అంది వాళ్ళమ్మ. మర్నాడు కూడా అక్కడే కాచాం. రాలేదు. జింకపిల్లను గార్డు అడవికి తెచ్చేశాడు. ఈసారి గోనెపట్టా చాటునుంచి, సీసాతో, నోరు మూసుకుని నేనే పాలు పట్టాను. అది సీసా నోట పెట్టేదాకా ఓపిక పట్టాను. మొదటిసారి నాకు లేనిది ఆ ఓపికే.

ఆ బడికి నేనే పోతానన్నాను. గార్డు వద్దన్నాడు. "వదిలెయ్యమ్మా, చిన్నపిల్లలు, మరిచిపోతారు." పోయాను. తరగతిలో నన్ను చూడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. తల్లి ఎలా దాస్తుందో, ఎప్పుడొస్తుందో తమిళంలో చెప్పాను. వెనకనుంచి ఒకడు లేచి, "అవ్వా, అయితే ఇదే దొంగ! తల్లి ఉన్న పిల్లని ఎత్తుకొచ్చింది!" అని ఆ పిల్లను చూపించాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ పిల్ల బల్ల మీద తల వాల్చేసింది.

"అది కాదు దొంగ. ఎత్తమని నేర్పింది నేను" అన్నాను. పిల్లలు దానికీ నవ్వారు. ముసలిది తమాషా చేస్తోందనుకున్నారు. నిజమేనని ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు నవ్వు ఆగింది.

గంట కొట్టాక ఆ పిల్ల వాకిలి దగ్గరికి వచ్చింది.

"పాలు తాగతాదా?"

"తాగతాది."

"నేను వచ్చి చూడొచ్చునా అవ్వా?"

"వద్దమ్మా. మనిషిని చూస్తే అలవాటైపోతాది. మళ్ళీ అడవికి పోలేదు."

"నువ్వు చూస్తావు కదా?"

"నేనూ చూడను. చెయ్యి మాత్రమే లోపలికి పెడతాను."

అడవి చూడ్డానికి బస్సు దిగిన రోజు నా కొంగు పట్టుకుని వదలని పిల్ల అది. ఇప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉంది. "సరి" అని, నీళ్ళ కుళాయి దగ్గర ఉన్న పిల్లల్లోకి పోయింది. వాళ్ళు దానికి చోటిస్తారా అని, నా బస్సు వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడి చూశాను. అప్పటికీ అది ఒక్కతే ఒక పక్కగా నిలబడి తన వంతు కోసం చూస్తోంది.