వెంకటప్పయ్య గీసిన తెరలు

ఒకప్పుడు ఖమ్మంలో ఫోటో దిగినవాళ్ళంతా ఒకే చెరువు గట్టున నిలబడ్డారు. ఆ చెరువులో రెండు హంసలు, వెనక మంచుకొండ, పక్కన పాలరాతి మెట్లు. జిల్లా అంతా వెతికినా అలాంటి చెరువు లేదు. స్టూడియోలో వెనక కట్టే తెర మీద దాన్ని గీసింది వెంకటప్పయ్య. ఎర్రుపాలెం దగ్గర మిరప తోటలున్న ఇంట్లో పుట్టి, సేద్యం చేసే అన్నల్ని చులకనగా చూసి, కుంచె పట్టుకొని ఖమ్మం చేరిన మనిషి. విజయవాడ తప్ప మరో ఊరు ఎరగడు, క్యాలెండర్లు ముందేసుకొని కాశ్మీరం గీసేవాడు. తనంత చిత్రకారుడు లేడని ఆయన నమ్మకం. ఊరి రుచి కూడా అంతంత మాత్రమే కాబట్టి ఆ నమ్మకానికి అడ్డం వచ్చినవాడు లేడు. పెళ్ళిచూపులకు పంపే ఫోటోలన్నీ ఆ హంసల ముందే.

డెబ్భై ఎనిమిది మార్చిలో భద్రాచలం స్టూడియో ఒకదానికి తెర ఇచ్చి రావడానికి బస్సెక్కాడు. పాల్వంచ దాటాక బస్సు చెడిపోయింది. అందరూ చెట్ల కింద కూర్చుంటే ఈయన విసుగ్గా అడవిలోకి నడిచాడు. ఆకు రాలిన చెట్లు బూడిద రంగులో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మోదుగులు ఎర్రగా పూశాయి. ఇప్పపూలు ఏరుకోవడానికి ఆకు కాల్చిన చోట నేల నల్లగా ఉంది, ఆ పొగ గుట్ట నడుముకి పట్టుకొని కదలట్లేదు. గుట్ట కూడా క్యాలెండర్ కొండలా మొనదేలి లేదు. పడుకున్న గేదె వీపులా ఉంది.

ఇంటికొచ్చి భార్య హైమతో అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను గీసిందంతా చెత్త. హంసని నేనెప్పుడన్నా చూశానా?"

ఆ తర్వాత సెలవు రోజున ఇంట్లో ఉన్నది లేదు. ఇల్లందు, గుండాల, చర్ల, దుమ్ముగూడెం. బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి, దిగి నడిచి, చెట్టు కింద కూర్చొని గీసుకునేవాడు. చివరికి పెద్ద తెర మీద ఆ ఎండాకాలపు గుట్టను వేశాడు. ఆయన పనిచేసే స్టూడియో ఓనరు గొణుక్కుంటూనే కట్టాడు.

మొదటి బేరం ఖానాపురం హవేలి నుంచి వచ్చిన ప్రమీలారాణి. గుమాస్తా భార్య. కొత్త పట్టుచీర, బయట కొత్త స్కూటర్. తెర చూడగానే మొహం తిప్పుకుంది.

"ఈ మోళ్ళ ముందు నిలబడనీకి మేమేమన్నా కోయోళ్ళమా?"

"మీ హవేలిలో హంసలున్నాయా అమ్మా?" అన్నాడు వెంకటప్పయ్య.

స్కూటర్ వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆయన పని కూడా పోయింది.

పోతే పోనీ, ఖమ్మానికి కళ్ళు లేవు, అడవిని అడవివాళ్ళే గుర్తుపడతారు అనుకున్నాడు. ఇల్లందులో ఒక గది కిరాయికి తీసుకొని, పాత కెమెరా సంపాదించి, ఆ తెరే కట్టి కూర్చున్నాడు. సంతరోజు గుట్టల మీది ఊరి నుంచి జంపయ్య, ఎర్రమ్మ అనే కొత్త దంపతులు వచ్చారు. తెర చూసి నవ్వుకున్నారు, తమ భాషలో ఏదో చెప్పుకున్నారు, అది ఏ గుట్టో పేరు కూడా చెప్పారు. వెంకటప్పయ్య ఛాతీ ఉబ్బింది. అప్పుడు జంపయ్య, వేరే తెర లేదా అని అడిగాడు. హంసలున్నది కావాలట.

ఆయనకి ఒళ్ళు మండింది. అడవిలో పుట్టి అడవి విలువ తెలియదని, ఖమ్మం వాళ్ళకీ మీకూ తేడా లేదని కసిరాడు. జంపయ్య తల దించుకున్నాడు. ఎర్రమ్మ కదల్లేదు.

"నువ్వు నీ ఊరిడిచి మా గుట్ట చూడనొచ్చినవ్. మేం గుట్ట దిగి వచ్చినం. మాకు మళ్ళ మా గుట్టనే చూపిస్తవా?"

మరి ఏం చూడాలనుంది అని అడిగాడు. సముద్రం అంది.

క్యాలెండర్ సముద్రమైతే ఒక పూట పని. చెయ్యి రాలేదు. బందరు పోయాడు. అక్కడ నీలం నీళ్ళు లేవు. బురద రంగు అలలు, ఎండుచేపల వాసన, ఒడ్డున ఆరేసిన వలలు. అక్కడే ఉండి అదే గీశాడు. మళ్ళీ సంతకొచ్చిన ఎర్రమ్మ, నీళ్ళు గోదారి వరద లెక్కనే ఉన్నయి గానీ అవతలి ఒడ్డు లేదని నెమ్మదిగా అంది. ఆ తెర ముందు దిగిన ఫోటోలో జంపయ్య ఒక్కడే కెమెరాను చూస్తాడు. ఆమె సగం వెనక్కి తిరిగి ఉంటుంది.

ఇక చూడనిది గీయనని పంతం పట్టాడు. తాజ్‌మహల్ అడిగినవాళ్ళను ఆగమని చెప్పి ఆగ్రా రైలెక్కాడు. తిరిగొచ్చేసరికి వాళ్ళు వేరేచోట ఫోటో దిగి వెళ్ళిపోయారు. హైమ ఇడ్లీలమ్మి ఇల్లు నడిపింది. ఇన్ని ఊళ్ళు చూసిన ఆ కళ్ళకు సొంత వంటిల్లు మాత్రం కనపడలేదు. తొంభైల్లో తెరల బదులు అచ్చు పోస్టర్లు వచ్చాయి, జలపాతాలూ పూలతోటలూ. వాటిని చూసి ఉమ్మేసి స్టూడియో మూసేశాడు. తిరగడం మానలేదు.

పోరి పోరి ఒకసారి హైమ కూడా ఆయనతో చర్ల బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. గుట్టలు మొదలవగానే ఆయన ఒక్కొక్క రంగూ వివరించబోయాడు.

"మీరు కాసేపు ఊరుకోండి" అంది హైమ. "నన్ను చూడనీయండి."