ఉరుకుడు ఆగిన మాట నిజం

నా పడుచుదనం నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చింది. అందరికీ ఇరవైల్లో వచ్చి పోయేది నాకు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందంటే, అప్పుడే కొత్త రాష్ట్రం వచ్చింది, ఆ వెనకే మా ఊరి రైలు గేటుకు కాపలా మనుషులు కావాలంటూ ఒక కాంట్రాక్టరు వచ్చాడు, వచ్చినవాడు యాభై దాటినవాళ్లు పనికిరారన్నాడు. ఆధార్ కార్డుల లెక్కన మా ఊళ్లో సగం మంది జనవరి ఒకటో తారీఖున పుట్టినవాళ్లే. తారీఖే అలా ఉన్నప్పుడు సంవత్సరం మాత్రం ఏముంది, రాసినవాడి దయ. నాకు రాసినవాడు దయగలవాడు. కార్డు ప్రకారం నాకు నలభై ఏడు. కార్డుకూ మొహానికీ మధ్య ఉన్న పదకొండేళ్ల సంగతి నల్లరంగు పాకెట్టు చూసుకుంది. అద్దంలో చూసుకుని నాకు నేనే 'ఏం తమ్మీ' అనుకున్నాను. కాంట్రాక్టరు కూడా నా మొహంకేసి చూడకుండానే ఆ వయసు ఒప్పుకున్నాడు. (చూశాడు. చూసి నవ్వాడు. వేరే ఎవరూ రాలేదు మరి.)

గేటు అన్నానే గానీ అక్కడ గేటు లేదు. మహబూబ్‌నగర్ దాటి దక్షిణంగా పోయే రైలు దారి మా ఊరిని ఒక పక్క, మా చేలనూ పాలకేంద్రాన్నీ తారు రోడ్డునూ ఇంకో పక్క పడేసి పోతుంది. మట్టి బాట ఆ పట్టాలను దాటే చోటుకు గేటు అని పేరు. ఆగమనీ చూడమనీ చెప్పే రేకు ఒకటి ఉండేది, దాన్ని ఎవరో కోళ్ల గూటికి తలుపు చేసుకున్నారు. నేను చేరకముందే ఆ గేటు మా ఊరి గీత కార్మికుణ్ణొకణ్ణీ, ఒకే బండి మీద పోతున్న ఆలుమగలిద్దరినీ మింగి ఉంది. అందుకే నా చేతికి ఎర్ర జెండా, పచ్చ జెండా, ఒక విజిల్ ఇచ్చి, మెరిసే పట్టీల అంగీ తొడిగి, గేట్‌మిత్ర అని పేరు పెట్టారు. నేనున్నన్నాళ్లు ఆ పట్టాల మీద చీమ కూడా చావలేదని ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటాను. (మూడు మేకలు. ఒక దూడ.) ఇంకొకటి కూడా ఉంది. ఇదంతా రాస్తున్నది దాని కోసమే. నెమ్మదిగా వస్తాను, తొందరపెట్టకండి.

మిత్రుడి మాట ఎవరు వింటారు? పోలీసైతే భయం, అల్లుడైతే మర్యాద, మిత్రుడైతే నవ్వు. ఎర్ర జెండా అడ్డం పెడితే ట్రాక్టరువాడు దాని కింద నుంచి తల వంచి పోయేవాడు. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, రైలు ఇంకా ఆ మలుపు దగ్గరే ఉంది కదా, ఇంత దూరం నుంచి భయపెడతావేమని నన్నే కోప్పడేవారు. అందరికన్నా మొండివాడు ఒక పాలాయన. ఊరంతా ఉరుకుడు అని పిలిచేది. మోపెడుకు రెండు పక్కలా పాల క్యాన్లు వేసుకుని, పొద్దుటి ప్యాసింజరు వచ్చే వేళకే వచ్చేవాడు. పాలకేంద్రంలో తూకం ఆపేశారంటే ఆ పూట పాలు వెనక్కి తెచ్చుకోవడమే. మొదటి రోజు జెండా పట్టుకుని ఎదురు నిలబడితే, "జరుగు తాతా, పాలు ఇరిగితె నువ్వు తాగుతవా?" అన్నాడు. తాత అనొద్దు, ఉద్యోగం పోతుంది, అన్నా అనమన్నాను. నా జుట్టుకేసి పరీక్షగా చూసి, అన్నా అని ఒక్కసారి అని, నా పక్కనుంచి దాటిపోయాడు. అతని వెనక చక్రానికీ ఇంజనుకూ మధ్య ఉన్న జాగాలో నేను పడుకోగలను, అంతే.

జెండా ఆపలేనివాణ్ణి చివరికి నా నోరు ఆపింది. నా అసలు పడుచుదనంలో అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవిలోకి వెదురు లోడుకు పోయే లారీ మీద పనిచేశాను. (డ్రైవరునని చెప్పేవాణ్ణి. క్లీనరును.) మర్నాడు రైలు కూత వినబడగానే జెండా ఎత్తలేదు. ఘాటు రోడ్డు నడిమధ్య పులి కూర్చున్న సంగతి ఎత్తాను. నేను హారన్ కొట్టాను, అది లేవలేదు, నేను దిగి ఎదురు నిలబడ్డాను. ఉరుకుడు బ్రేకు వేశాడు. రైలు వచ్చింది, పోయింది, ఆఖరి డబ్బా దాటగానే నేను మాట ఆపేసి పచ్చ జెండా ఊపాను. "మరి పులి?" అన్నాడు. రేపు చెబుతానన్నాను. అలా ఆ పులిని మూడు వారాలు నడిపించాను. అది లేచి వచ్చి లారీ ఎక్కింది, క్యాబిన్‌లో నా పక్కన కూర్చుంది, కాళ్లు నొస్తున్నాయి డిండి దాకా దింపమంది. "టికెట్ కొట్టినవా అన్నా?" అనేవాడు ఉరుకుడు. ట్రాక్టర్లు ఆగేవి, పత్తి ఏరే ఆడవాళ్లు ఆగేవాళ్లు, ఒకామె ఇంట్లో పని వదులుకుని మరీ వచ్చేది. నా బతుకులో అంతమంది నా మొహంకేసి చూడటం అదే మొదలు. ఆ రుచి మరిగాను. రాత్రి నిద్ర మానుకుని మర్నాటికి పులి చేత ఏమనిపించాలా అని ఆలోచించేవాణ్ణి. రైలు సంగతి ఆలోచించాల్సినవాణ్ణి.

ఆ ఏడే పాత పట్టాల పక్కన రెండో జత పట్టాలు పరిచారు. వాటి మీద ఇంకా బండ్లు తిరగడం లేదు. మేకలు ఎక్కి పడుకునేవి, మా ఆడవాళ్లు మిరపకాయలు ఎండబోసేవారు. (పోయలేదు. ఎండబోద్దామా అని అడిగారు.) చలికాలంలో ఒక పొద్దున పట్టాల పని చేసే గ్యాంగు మనిషి ఒకడు నా దగ్గర చలిమంటకు చేతులు కాచుకుంటూ, "కాకా, కొత్త పట్టాల మీద గియ్యాల కంకర బండి వస్తది. జర చూసుకో" అన్నాడు. సరే అన్నాను. సరే అన్నది నాకు బాగా గుర్తు. అప్పటికి నా పులి స్టీరింగు మీద చెయ్యి వేసి ఉంది.

ప్యాసింజరు కూత వేసింది. ఉరుకుడు వచ్చాడు, ఆగాడు, ఒక కాలు నేల మీద పెట్టి ఇంజను కూడా బంద్ చేశాడు. ఆ మాట మళ్లీ రాస్తున్నాను, ఆగాడు. నేను కథ చెబుతున్నాను, అతను నవ్వుతున్నాడు, వెనక ఇద్దరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆఖరి డబ్బా దాటింది. నేను విజిల్ వేసి, పచ్చ జెండా ఊపి, పో తమ్మీ అన్నాను. అతను బండి నడిపిస్తూ తల వెనక్కి తిప్పి, "రేపు జర పెద్దగ చెప్పు, నిన్నటి నుంచి సాగదీస్తున్నవు" అన్నాడు. పాత పట్టాలు దాటాడు. పోతున్న ప్యాసింజరు చాటున కొత్త పట్టాల మీద ఎదురుగా కంకర డబ్బాలు వస్తున్నాయి. ఇంజను వెనక ఉండి నెడుతోంది. ముందర దీపం లేదు, కూత లేదు. పెద్ద వేగం కూడా లేదు. పాలు కంకర మీద పడి కిందికి ఇంకిపోయాయి, నేను చూస్తుండగానే. అంతకన్నా రాయను.

మూడో నాడు ముగ్గురు ఆఫీసర్లు ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. నువ్వేం చేశావు అన్నారు. ఎర్ర జెండా చూపాను సార్, ఆగలేదు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. గ్యాంగు మనుషుల డేరా అప్పటికే తర్వాతి స్టేషనుకు వెళ్లిపోయింది. నవ్విన ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లు చూసింది పచ్చ జెండానా ఎర్ర జెండానా వాళ్లకే గుర్తులేదు. ఊరు కూడా అడగలేదు. ఉరుకుడే కదా, ఆగి ఉండడు అనుకుంది. వారం తిరిగేసరికి నేను అతని బండి వెనక పట్టుకుని పది గజాలు ఈడ్చుకుపోయానని చెప్పడం మొదలుపెట్టాను. మోచేతి మీద మచ్చ చూపించేవాణ్ణి. (లారీ సైలెన్సరు కాలిన మచ్చ. ముప్పై ఏళ్ల నాటిది.)

తర్వాత పాల క్యాన్లు అతని భార్య మోసింది. నెత్తిన ఒకటి, చంకన ఒకటి, నడక. రోజూ వచ్చేది, రైలు పోయేదాకా నిలబడేది, రెండు జతల పట్టాలకేసీ చూసి దాటేది. నేను కథలు మానేశాను. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా మూడు నెలలు గడిపాం. ఒక పొద్దున రైలు పోయాక కూడా ఆమె కదలలేదు. క్యాన్లు దించి, "బావా, ఆయన నిజంగ ఆగలేదా?" అని అడిగింది. నేను మొత్తం చెప్పాను. జెండా, విజిల్, ఈడ్చుకుపోవడం, మచ్చ. ఒక్కటీ వదలలేదు. ఆమె అంతా విన్నది.

"ఇంటికొచ్చి నీ ముచ్చట్లన్ని నాకు చెప్పేటోడు బావా," అన్నది. "గాయన డ్రైవర్ గాదు, క్లీనరే అనేటోడు. అది పులి గాదు, నక్కయినా అయ్యుంటది అనేటోడు. అయినా గాయన నోరు మూసేదాంక నాకు కదల బుద్ధిగాదే, అనేటోడు. కదల బుద్ధిగాని మనిషి గా దినం ఎట్ల కదిలిండు?"

విజిల్ నోట్లోనే ఉంది. తీసి చేతిలో పట్టుకున్నాను. తడిగా ఉంది. నేను అబద్ధాలకు తడుముకునే మనిషిని కాను, కానీ ఆ పూట ఒక్కటీ అందలేదు.

"ఆగిండు బిడ్డా," అన్నాను. "దినాం ఆగిండు. గా దినం సుత ఆగిండు. నేనే పొమ్మన్న."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. క్యాను మూత ఒకసారి తీసి మళ్లీ బిగించింది. "నాకు చెప్పి ఏం ఫాయిదా? మా అత్తకు చెప్పు," అన్నది. "ఆగితె బతుకుతుండె, ఆగనోడు నా కడుపుల ఎందుకు వడ్డడని, సచ్చిపోయిన కొడుకును పొద్దుమాపు తిడుతాంది. వినలేక సస్తున్న."

వెళ్లడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. జ్వరం వచ్చింది. (రాలేదు.) ఐదో రోజు, ముందు కాస్త అలవాటు చేసుకుందామని పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడ్డవాళ్లందరి ముందూ చెప్పాను. కంకర బండి సంగతి, గ్యాంగు మనిషి మాట, పచ్చ జెండా, ఆఫీసర్లకు చెప్పిన అబద్ధం. పాలు కొలిచే ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఎంత పెద్ద మనసు కాకా నీది. సచ్చినోని పేరు నిలవెట్టనీకి తప్పు నీ మీదేసుకుంటున్నవు" అన్నాడు. నాకు చాయ్ తెప్పించారు. అమ్మతోడు అన్నాను. పులికి కూడా అమ్మతోడే అన్నావు కదా అని ఒకరు గుర్తు చేశారు. ఆ సాయంత్రానికి ఊళ్లో నా పేరు ముందుకన్నా పెద్దదైంది. మా ఇంటామెకు ఎవరో నా గుణం పొగిడారట, ఆమె ఆ రాత్రి కోడిగుడ్డు వండింది. తిన్నాను కూడా.

మర్నాడు వాళ్లింటికి పోయాను. ఉరుకుడి తల్లి కొట్టంలో బర్రెల ముందు గడ్డి వేస్తోంది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది. నేను నిలబడే చెప్పాను, ఈసారి మచ్చ లేకుండా, పొట్టిగా. ఆమె గడ్డి చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూసింది. బర్రె మెడ చాచి ఆ గడ్డిని లాక్కుని నమిలే అంతసేపూ చూసింది.

"నా కొడుకు ఆగిండా?" అన్నది.

"ఆగిండు అక్కా. ఇంజను సుత బంద్ జేసిండు."

"ఇంజను బంద్ జేసిండా," అని తనలో తనే అనుకుంది. కొట్టం గుంజను ఆనుకుని కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది. నా నోట్లో మన్ను పడాలన్నది. నా జెండాలు కాలిపోవాలన్నది. నా పులి నన్నే తినాలన్నది. నల్లరంగు మొహం అన్నది, ముసలి నక్క అన్నది, నా తాతతండ్రుల దాకా పోయి తిరిగి వచ్చింది. కోడలు గడపలో నిలబడి వింటోంది. ఆ తిట్లలో కొడుకు పేరు ఎక్కడా రాలేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు కావస్తోంది. గేటు తీసేసి పట్టాల కింద నుంచి దారి తవ్వారు. వానాకాలంలో అందులో నడుం లోతు నీళ్లు నిలుస్తాయి, అప్పుడు జనం మళ్లీ పైనుంచే పట్టాలు దాటుతారు. ఆపడానికి అక్కడ ఎవరూ లేరు. రెండేళ్ల కింద వానలప్పుడు అలా దాటబోయి ఒక బడిపంతులు పోయాడు. నాకు డెబ్బై. రంగు వేయడం మానేశాను. ఊళ్లో నేను ఇప్పటికీ పెద్ద మనసున్నవాణ్ణే. పంచాయతీలకు పిలుస్తారు. నిజంగా నన్ను ఎరిగినవాళ్లు ఉరుకుడి తల్లీ భార్యా ఇద్దరే, తల్లి రోజూ పొద్దున గడ్డికి పోతూ మా ఇంటి ముందు ఆగి, కొంగు సర్దుకుని, నన్ను నాలుగు మాటలు తిట్టి పోతుంది. మొదట్లో మా ఇంటామె చీపురు పట్టుకుని బయటికి ఉరికింది. నేనే ఆపాను. ఆ వేళకు గడప ముందు కూర్చుని చాయ్ తాగడం అలవాటు చేసుకున్నాను.

మొన్న రెండు రోజులు ఆమె రాలేదు. మోకాళ్ల నొప్పులట, మంచం మీదే ఉందట. నాకు చాయ్ సయించలేదు. మూడో రోజు నేనే కర్ర పట్టుకుని బయలుదేరాను. ఆమె మంచంలో పడుకుని ఉంది, నన్ను చూసి కొంచెం పైకి లేచి కూర్చుంది. గొంతు సన్నబడింది. అయినా పూర్తిగా తిట్టింది. అయిపోయేదాకా నిలబడి, కోడలు ఇచ్చిన మంచినీళ్లు తాగి, వెనక్కి తిరిగాను. దారిలో నవ్వొచ్చింది. పని గట్టుకుని మూడు మైళ్లు నడిచి వెళ్లి తిట్లు తిని వచ్చిన ముసలివాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

(మూడు మైళ్లు కాదు. మూడు ఇళ్లు.)