గుండీ మెడకు కట్టిన పట్టీ

మా పిన్ని చేతిలో సూది ఉంటే, కుక్క రెప్ప వేసి తీసేలోపు రక్తం గొట్టంలో ఉండేదని చెప్పుకునేవారు. ఆమె పనిచేసింది జంతువుల ఆస్పత్రిలో. బస్టాండు వెనక, టైర్ల దుకాణానికీ అద్దాలు కోసే దుకాణానికీ మధ్య ఇరుక్కున్న మూడు గదుల ఆస్పత్రి అది. ముందు గదిలో గోడవారగా బెంచీలు, మధ్య గదిలో స్టీలు బల్ల, వెనక గదిలో ఒక ఫ్రిజ్, రక్తం గొట్టాలు నిలబెట్టే చెక్క స్టాండు, ఎప్పుడూ కారే కొళాయి. ఇరవై రెండేళ్ళు ఆ గదుల మధ్యే తిరిగింది. డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి వరకు అందరూ ఆమెను సూదమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదని తనే నవ్వేది.

నేను చదువు కోసం వచ్చి ఆమె ఇంట్లో చేరే నాటికి ఆ నవ్వు తగ్గిపోయింది. ఇంకా కొన్ని మారాయి. ఎప్పుడూ మెడలో ఉండే సన్నటి గొలుసు తీసేసి డబ్బాలో పెట్టేసింది. చలిలో కూడా మెడకు ఏదీ చుట్టుకునేది కాదు. సాయంత్రం ఐదు ప్రాంతంలో ఫోన్ మోగితే, చేతిలో ఏ పని ఉన్నా ఆపి, రెండు మూడు సార్లు మోగనిచ్చి, అప్పుడు తీసేది. ఊరికే కూర్చున్నప్పుడు కుడి బొటనవేలు కుర్చీ చేతిని నొక్కుతూ ఉండేది. వేలి కింద ఏదో మెత్తగా, వెచ్చగా పైకి లేస్తున్నట్టు, దాన్ని లేవనివ్వకూడదన్నట్టు. పెళ్ళి పిల్లలు లేని మనిషి, వయసు మీద పడుతోంది, అంతేలే అనుకున్నాను.

తర్వాత పెళ్ళయి, కడుపుతో మళ్ళీ ఆమె ఇంటికే వచ్చాను. నాలుగో నెల నడుస్తున్నప్పుడు నా రక్తపరీక్షకి తోడొచ్చింది. సూది తీసి దూది పెట్టగానే, అక్కడి నర్సు చెయ్యి పక్కకి జరిపి తను పట్టుకుంది. ఎదురుగా గోడ గడియారం. ఒక నిమిషం, రెండు, అయిదు. బయట వరుసలో ఉన్నవాళ్ళు తొంగిచూస్తున్నారు. ఇక చాలు పిన్నీ అన్నాను. "చాలో లేదో నీకు తెలీదమ్మా," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మర్నాటికి నా మోచేతి మడతలో చిన్న గింజంత నీలం మచ్చ కూడా రాలేదు. అయినా రోజూ పొద్దునా సాయంత్రం చేయి చాపమని చూసుకునేది. మూడో రోజు నేను విసుక్కుంటే, అప్పుడు కూర్చోబెట్టి గుండీ సంగతి చెప్పింది.

గుండీ ఒక దర్జీ కుక్క. గోధుమరంగు ఆడకుక్క, తొమ్మిదేళ్ళది. దర్జీకి అప్పటికే అరవై దాటాయి. భార్య కాజాలు కుట్టేది, ఆయన కోట్లు కుట్టేవాడు, గుండీ మిషను కింద పడుకునేది. మిగిలిన గుడ్డముక్కల్లో ఏది నచ్చితే అది పట్టీలా కత్తిరించి దర్జీ దాని మెడకు కట్టేవాడు. వారానికో రంగు. ఊళ్ళో అంత మంచి బట్టలున్న కుక్క ఇంకోటి లేదని, పెళ్ళికొడుకులకి మిగిలిన గుడ్డే తన కూతురికి కొత్త గుడ్డ అని అనేవాడు.

రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు, లేవడం లేదు అని ఒక మధ్యాహ్నం ఎత్తుకొచ్చాడు. ఆస్పత్రి కిటకిటలాడుతోంది. డాక్టరు లోపల ఒక ఆపరేషన్‌లో ఉన్నాడు. రక్తం తీసి పెట్టు, తర్వాత చూస్తానని కేకేశాడు. కాలి నరం దొరకలేదు, చిక్కిపోయి ఉంది. పట్టీ విప్పించి పిన్ని మెడ నరంలోంచి తీసింది. తేలిగ్గానే వచ్చింది. సూది తీసి దూది ఒత్తి పట్టుకున్న క్షణంలోనే ముందు గదిలో రెండు కుక్కలు కలబడ్డాయి, బెంచీ పడింది, ఎవరో అరిచారు. పిన్ని దర్జీ వేలు పట్టుకుని దూది మీద పెట్టి, "ఇది పట్టుకోండి" అని పరిగెత్తింది.

ఎంతసేపో చెప్పలేదు. ఎంత గట్టిగానో చెప్పలేదు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు రెండుసార్లు అంది.

తిరిగి వచ్చేసరికి దర్జీ ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతున్నాడు, ఇంకో చేత్తో పట్టీ కడుతున్నాడు. దూది బల్ల మీద ఉంది. రక్తం కారడం లేదు. సాయంత్రం ఫలితాలు చెప్తామని పంపేసింది.

గంట తర్వాత వెనక గదిలోకి వెళ్ళి గొట్టాలు చూసింది. గుండీది రెండు గొట్టాలు. ఒకదాంట్లో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది, రెండోదాంట్లో ఏమీ ఉండదు, అరగంటలో అది గడ్డకట్టాలి, పైన తేట తేలాలి. ఆ రెండోది వంచి చూస్తే నీళ్ళలా జారింది. పిన్ని దాన్ని చూసి, హడావిడిలో గొట్టాలు తారుమారు చేసుకున్నాననుకుంది. తన పొరపాటని ఎవరికీ చెప్పకుండా సింకులో పారబోసి గొట్టం చెత్తలో వేసింది. రేపు మళ్ళీ తీద్దాంలే అనుకుంది.

అయిదింటికి ఫోన్ వచ్చింది. దర్జీ. "మెడకి కట్టిన పట్టీ బిగుసుకుపోయిందమ్మా," అన్నాడు. "మధ్యాహ్నం అక్కడ ఇదే ముడి వేశాను, రెండు వేళ్ళు పట్టేవి. ఇప్పుడు వేలు కూడా దూరట్లేదు. విప్పి చూస్తే నిమ్మకాయంత లేచింది. తీసుకు రమ్మంటారా?"

అప్పటికి పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న ఎన్ని వందల సార్లు విని ఉంటుందో. రక్తం తీసిన చోట కాస్త కమలడం, కాస్త ఉబ్బడం ఉండేదే. తల్లులూ పిల్లలూ ఏడుస్తూ ఫోన్ చేసేవారు, రెండు మూడు రోజుల్లో అదే తగ్గేది. అందరికీ చెప్పినట్టే చెప్పింది. మామూలేనండీ, చల్లటి గుడ్డ పెట్టండి, రేపటికి తగ్గుతుంది.

పొద్దున ఆస్పత్రి తలుపు తీసేసరికి దర్జీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కోటు లోపల వేసే మెరుపు గుడ్డలో చుట్టి ఉంది గుండీ. తెల్లారుతుండగా పోయిందట. డాక్టరు బల్ల మీద గుడ్డ విప్పాడు. నిమ్మకాయంత వాపు గొంతు కింద నుంచి ఛాతీ దాకా జారి, రొట్టెపిండిలా నిండిపోయింది. పొట్ట మీద సిరా ఒలికినట్టు ఊదా మచ్చలు. పెదవి ఎత్తితే చిగుళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరైనా ఎలుకల మందు పెట్టారా అని డాక్టరు అడిగాడు. పక్క గోడౌనులో పెట్టారు, వారమైంది అన్నాడు దర్జీ. మందు తిన్న ఎలుకను ఇది తిన్నా చాలు, రక్తం గడ్డకట్టే గుణమే పోతుంది, సూది గుచ్చిన చోటు ఒక సాకు మాత్రమే, లోపల ఇంకెక్కడెక్కడ కారిందో అని డాక్టరు వివరించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

దర్జీ తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకున్నాడు. "నేను దూది తొందరగా తీసేశానమ్మా. ఫోన్ వచ్చింది. ఇంకాస్సేపు పట్టుకుని ఉండాల్సిందా?"

పిన్ని నోట్లోంచి వచ్చిన మాట ఇది: "తెలియక తీశారు. మీరేం చేస్తారు లెండి."

ఓదార్పులాగే ఉంటుంది వినడానికి. ఆయన తల ఊపి, గుడ్డ మళ్ళీ చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తిట్టలేదు, అరవలేదు. తిట్టి ఉంటే తను కూడా ఏదో ఒకటి అని ఉండేది, ఆ ఊపులో నిజం బయటపడేదని పిన్ని అంది. గొట్టం సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఫోన్ సంగతీ చెప్పలేదు. తేలుకుట్టిన దొంగలా ఉండిపోయింది.

ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఒక్క కుక్క మెడ కూడా అయిదు నిమిషాలకు ముందు వదల్లేదు. ప్రతి గొట్టాన్నీ నాలుగుసార్లు వంచి చూసేది. దర్జీ ఉన్న వీధిలోంచి వెళ్తే మార్కెట్టుకి పది నిమిషాలు, ఆమె చుట్టూ తిరిగి అరగంట నడిచేది. అయినా గోధుమరంగు కుక్క ఏదైనా వెనక నుంచి కనిపిస్తే ముందుకెళ్ళి మెడ చూసేదాకా కాళ్ళు ఆగేవి కావు. స్టీలు బల్ల తుడుస్తుంటే ఒకచోట వెచ్చగా తగిలేదట. అది గుండీ పడుకున్న చోటు. బల్ల మార్చారు కూడా, కొత్త బల్ల మీదా అదే చోట తగిలేది. నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నావా అని అడిగింది. లేదన్నాను.

ఆ చెప్పుకోవడంతో బరువు తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. నెల తిరక్కుండా ఒకావిడ తెల్ల కుక్కపిల్లని తీసుకొచ్చింది. ముందురోజు రక్తం తీసిన ముంగాలి మీద, బొచ్చు గొరిగిన చోట, రూపాయంత నీలం. కుక్కపిల్ల గంతులేస్తోంది, చెప్పు కొరుకుతోంది. పిన్ని చిగుళ్ళు చూసింది, పొట్ట చూసింది, అన్నీ గులాబీ రంగులో బాగున్నాయి. మామూలే అని చెప్పి పంపాలి. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మూడు గంటలు కూర్చోబెట్టి, గంటగంటకీ ఆ నీలం చుట్టూ పెన్నుతో గీత గీసింది. పెరగలేదు. డాక్టరు వచ్చి చూసి, కందకి లేని దురద నీకెందుకు సూదమ్మా, కుక్కే బాగానే ఉన్నానంటోంటే అని నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడట.

మర్నాడు మధ్యాహ్నం నన్ను తోడు రమ్మంది. ఎక్కడికని అడగలేదు.

దర్జీ దుకాణం మెట్లెక్కితే ఒకే గది. గోడకి సగం కుట్టిన కోట్లు, కిటికీ దగ్గర మిషను, మూలన ముక్కాలి పీట మీద ఆయన భార్య కాజాలు కుడుతోంది. మిషను కింద ఖాళీగా ఉంది. ఆయన పిన్నిని గుర్తుపట్టాడు. నా కడుపు చూసి కుర్చీ జరిపాడు. పిన్ని కూర్చోలేదు. నిలబడే చెప్పింది, వరసగా, బల్ల దగ్గర నుంచి మొదలుపెట్టి. ఎంతసేపు పట్టుకోవాలో చెప్పకుండా వెళ్ళానని. గొట్టంలో రక్తం గడ్డకట్టకపోవడం చూశానని, పారబోశానని. "మీరు తీసుకు రమ్మంటారా అని అడిగారు. వద్దన్నది నేను. పొద్దున మీరు మీ చెయ్యి చూసుకుంటుంటే, మీ తప్పు కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తెలియక తీశారన్నాను."

దర్జీ సగంలో ఉన్న కుట్టు చివరిదాకా లాగి, దారం తెంపాడు.

"సాయంత్రం తెచ్చుంటే బతికేదా?"

"బతికేదేమో. విరుగుడు మందుంది. ఖాయంగా చెప్పలేను. తెచ్చుంటే మాత్రం చేయడానికి ఏదో ఒకటి ఉండేది."

"నొప్పి తెలిసిందా దానికి?"

పిన్ని తడుముకోవడం చూశాను. తెలియదు, నిద్రలోలాగా పోతాయి అని వందలమందికి చెప్పే మాట ఉంది. "ఊపిరాడక ఇబ్బంది పడి ఉంటుంది," అంది.

"పడింది. నేను చూశాను," అన్నాడు ఆయన. తర్వాత, మూలకి తల తిప్పకుండానే, "ఈ మాటలు నాకంటే ముందు ఆవిడకి చెప్పాల్సిందమ్మా," అన్నాడు. "ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఏ గొడవ మొదలైనా అక్కడికే వచ్చి ఆగుతుంది. కుక్క మెడ రెండు నిమిషాలు పట్టుకోలేని చేతులు అని."

ఆయన భార్య చేతిలో కోటు పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు, మెల్లగా దగ్గరికి చేసింది. మేము దిగి వచ్చేశాం. దారిలో నాకు ఆయాసం వచ్చి రెండుచోట్ల ఆగాను, రెండుసార్లూ పిన్ని నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

వారం తర్వాత దర్జీ భార్య ఒక్కతే ఆస్పత్రికి వచ్చింది. ఆమె తిట్టడానికి రాలేదు. దాన్ని ఎక్కడ పడుకోబెట్టారో చూపించమంది. చూపించింది. గొట్టం ఎలా ఉంటుందో చూపించమంది. అప్పుడే ఒక ముసలి కుక్క నుంచి తీసిన రక్తం స్టాండులో ఉంది. ఇద్దరూ వెనక గదిలో దాని ముందు నిలబడ్డారు, కొళాయి చుక్కలు పడుతుండగా. ఇరవై నిమిషాలకి పిన్ని గొట్టం వంచింది. రక్తం కదల్లేదు.

"ఇలా అవ్వాలా?"

"అవ్వాలి."

"దానిది అవ్వలేదు."

"అవ్వలేదు."

ఆమె గొట్టం తన చేతిలోకి తీసుకుని ఇటూ అటూ వంచి, మళ్ళీ స్టాండులో పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి భర్తతో ఏమందో, అసలు అందో లేదో మాకు తెలియదు. వాళ్ళు మళ్ళీ కుక్కని పెంచలేదు.

పిన్ని ఆ రోజే డాక్టరుకు కూడా అంతా చెప్పింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉండి, ఫోన్ పక్క గోడకి ఒక కాగితం అతికించమన్నాడు. వాపు పెరుగుతోందా, చిగుళ్ళు ఏ రంగు, ఎలుకల మందు ఏమైనా ఉందా. ఆ మూడూ అడగకుండా ఎవరూ మామూలే అనకూడదని. ఇంకో మూడేళ్ళు చేసి, కళ్ళు సరిగా ఆనక మానేసింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. బల్ల మీద ఆ వెచ్చదనం ఇంకా తగులుతోందా అని ఒకసారి అడిగాను. వంటింటి బల్ల మీద చెయ్యి పెట్టి కాసేపు చూసుకుంది. ఇవాళ లేదంది.