గోదావరి నీళ్లు పోసుకున్న కారు

స్టీరింగ్ తిప్పడం వస్తే చాలు, కారు గురించి అంతా తెలిసినట్టేనని నమ్మే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లోనే నేను సెకండ్ హ్యాండ్ కారొకటి కొన్నాను, కారేపల్లిలో పెళ్లిచూపులూ కుదిరాయి. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదైనా నిలవాలని అమ్మ ఆ పొద్దున్నే భద్రాచలంలో బండికి పూజ చేయించింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. బానెట్ ఎత్తితే, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీతకంటే దిగువన ఉంది. "ఈ గోదావరి నీళ్లు పొయ్యిరా, మంచి జరుగుతది" అంటూ అమ్మ చెంబు అందించింది. నీళ్లే కదా అని పోసేశాను. (ఆ డబ్బా ఎందుకు ఖాళీ అయిందన్న అనుమానం మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.)

అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను. కొత్తగూడెం దాటాక వేడి చూపించే ముల్లు పైకి లేవసాగింది. నేను దానివైపు చూడటం మానేశాను. పెళ్లికూతురి ఇంటిముందు ఆగేసరికి బానెట్ సందుల్లోంచి బుసబుసమని ఆవిరి. వాకిట్లో చుట్టాలందరూ చూస్తున్నారు, పరువు పోతుందని జేబురుమాలు చుట్టి రేడియేటర్ మూతమీద చెయ్యేశాను.

"అయ్యో, ముట్టకుండ్రి! మొఖం కాల్తది!"

అరిచింది పెళ్లికూతురు! పట్టుచీర, చేతిలో చాయ్ పళ్లెం. వాళ్ల నాన్న ట్రాక్టర్ల మధ్య పెరిగిన పిల్లట. "ఇంజన్ బంద్ చేసి మంచిగ చల్లారనియ్యిండ్రి. అటెనక మందం బట్టేసి మెల్లగ తిప్పాలె. కూలెంట్ ఎప్పుడు చూసిండ్రు?"

"పొద్దున్నే పూజ చేయించినం" అన్నాను.

"పూజ మంచిదేనండి. నేనడిగింది కూలెంట్."

వాకిలంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చి, చెయ్యి తీసి పక్కన నిలబడ్డాను. ఇంజన్ చల్లారడానికి గంట పట్టింది, పెళ్లిచూపులన్నీ బానెట్ చుట్టూనే జరిగాయి. ఆమె వంగి చూసి పైపు క్లిప్పు వదులైందని చూపించింది. వాళ్ల నాన్న దాన్ని బిగించి, గోదావరి నీళ్లు దింపేసి, షెడ్డులోంచి తెచ్చిన కూలెంట్ పోశాడు. మూడోదీ పోయిందనుకుని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరికి వాళ్ల నాన్న అడిగాడు. "ఏం బిడ్డా, పిలగాడు నచ్చిండా?"

"చెప్తే ఆగిండు గద, నాయినా" అంది.

ఇప్పుడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తాను. "చూసిండ్రా?" అని వంటింట్లోంచి కేక వస్తుంది. చూసి కూడా ఒక్కోరోజు "లేదు" అంటాను. ఆమె తిట్టుకుంటూ వచ్చి నా పక్కన వంగి చూస్తుంది. జుట్టు నెరిసిన ఈ వయసులో నాకింకా పెళ్లిచూపులు కావాలి మరి.